లెక్కలు రాకపోతే సౌరకుటుంబం కోర్సు తీసుకోవచ్చా?
అమలాపురంలో బీకాం చదువుతూ, లెక్కలంటే భయమని వెనకాడుతున్నారు కదా, నిశ్చింతగా తీసుకోండి. ఇలాంటి తొలి కోర్సుల్లో సాధారణంగా కలనగణితం (కాలిక్యులస్) ఉండదు. వర్గం, ఘనం, నిష్పత్తి తెలిస్తే గట్టెక్కవచ్చు.

ఉదాహరణ మన గోదావరి ఒడ్డునే ఉంది. గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే మనకు పుష్కరాలు: 2003, 2015, ఇక 2027. ఈ పన్నెండేళ్ల లెక్క ఎక్కడిది? సూర్యుడి నుంచి భూమి దూరాన్ని 1 అనుకుంటే గురుడి దూరం 5.2. గ్రహాల కదలికపై శాస్త్రవేత్త కెప్లర్ చెప్పిన మూడో నియమం ప్రకారం, ఈ దూరపు ఘనమూ, సూర్యుణ్ణి చుట్టివచ్చే ఏళ్ల వర్గమూ సమానం. 5.2 ఘనం సుమారు 140.6, దాని వర్గమూలం 11.86. అంటే పన్నెండుకు కాస్త తక్కువ. ఆ తరుగు పోగుపడే, గురుడి రాశితో ముడిపడిన హరిద్వార్ కుంభమేళా 2010 తరువాత పదకొండేళ్లకే, 2021లో వచ్చింది.

నన్నడిగితే, అసలు చిక్కు పరిశీలనతోనే. కోనసీమలో కొబ్బరిచెట్లు సగం ఆకాశాన్ని మింగేస్తాయి. ఏటిగట్టు ఎక్కి, బైనాక్యులర్‌ను కదలకుండా దేనికైనా ఆనించి చూడండి. 1610లో గెలీలియో చూసిన గురుడి నాలుగు చంద్రులు చుక్కల్లా కనిపిస్తాయి. వానాకాలంలో మాత్రం ఆశ పెట్టుకోకండి.