నీ నవలలో ఊరి గురించి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఎర్రసిరా కలం పట్టుకుని. తొమ్మిదో తరగతిలో నీ వ్యాసాలు దిద్దిన చెయ్యి, ఊరుకోదు కదా.

సంక్రాంతి బట్టలకని స్కూటరు మీద వెళ్లిన తండ్రీకొడుకులు లారీ కింద పడి పోవడం, ఆ కబురు ఊరికి చేరడం బాగా రాశావు. ఊళ్లో ఫోనున్న ఒక్క ఇంటాయన ఉన్నమాట చెప్పలేక ‘దెబ్బలు తగిలాయట, బయల్దేరండి’ అంటాడే, 1996లో అలాగే ఉండేది. అక్కడ ఒక్క అక్షరం ముట్టుకోకు.

నా పేచీ అంతా ఊరితోనే. నీ ఊళ్లో సాయం చేసేవాళ్లు వేరు, నోరు పారేసుకునేవాళ్లు వేరు. అన్నం తెచ్చినవాళ్లందరూ దేవతలు, కోడల్ని నష్టజాతకురాలన్న ముసలావిడ రాక్షసి. నేను చూసినంతలో ఆ రెండు పనులూ ఒకే మనిషి చేస్తుంది, ఒక్కోసారి ఒకే పూట.

1984లో మా అన్నయ్య పొలంలో మోటారు షాక్ కొట్టి పోయాడు. వదినకు ఇరవై మూడేళ్లు. ‘ఈ పిల్ల కాలుపెట్టిన వేళే మంచిది కాదు’ అని పక్కింటి పిన్ని శవం ముందే అంది. మా ఇంట్లో పొయ్యి వెలగదని ఆ సాయంత్రం గిన్నెలతో అన్నం, చారు మోసుకొచ్చిందీ ఆవిడే. వదిన ముట్టలేదు.

మాకో పాడిగేదె ఉండేది. దూడ చచ్చిపోయాక అన్నయ్య చేతికే అలవాటు పడింది. ఇంకెవరు కూర్చున్నా తన్నేది, చేపేది కాదు. మూడో రోజుకు పొదుగు రాయిలా అయింది. పిన్ని వచ్చి చూసింది. ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్లి, దండెం మీదున్న అన్నయ్య చొక్కా తొడుక్కుని, తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చి కూర్చుంది. వదిన అప్పటిదాకా ఆ దండెం ఎవరినీ తాకనివ్వలేదు. గేదె మెడ తిప్పి చొక్కా వాసన చూసింది. కాసేపటికి చెంబులో ధార చప్పుడు వినిపించింది. వదిన గుమ్మంలో నిలబడి, ‘కింది గుండీ వదులుగా ఉంది పిన్నీ, ఊడిపోతుంది, జాగ్రత్త’ అంది. మూడు రోజుల్లో ఆమె నోరు విప్పింది అప్పుడే.

నెల్లాళ్లు అలాగే వచ్చి పాలు పితికింది పిన్ని. అన్న మాటకు నొచ్చుకున్నట్టు ఎప్పుడూ కనబడలేదు. వదినా మరిచిపోలేదు. నీ ముసలావిడ చేతికీ ఇలాంటి పని ఒకటి ఇచ్చి చూడు.

ఎనిమిదో ప్రకరణంలో రాత్రి పదింటికి పోస్టుమార్టం చేయించావు. ఆ రోజుల్లో మామూలుగా సూర్యాస్తమయం తర్వాత చేసేవారు కాదు. వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రి కూడా చేయవచ్చని కేంద్రం అనుమతిచ్చింది 2021 నవంబరులో. కాబట్టి నీవాళ్లు తెల్లవారేదాకా మార్చురీ బయట కూర్చోవాలి. ఇలా తప్పు దొరకడం నీ అదృష్టం. ఆ రాత్రిలో ఊరంతా పడుతుంది. టీలకు డబ్బులు ఎవరిస్తారు? గట్టు తగాదాతో ఏడేళ్లుగా మాటల్లేని దాయాది వస్తాడా? పొద్దున శవపంచనామాలో సంతకం పెట్టమంటే, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందని దగ్గరివాళ్లే వెనక్కి తగ్గుతారు. ఆ సంతకం దాయాది పెట్టాడనుకో, రాజీ సన్నివేశమంటూ నువ్వు వేరే రాయక్కర్లేదు. అన్నట్టు, పంచనామాకు 194 సెక్షన్ అని రాశావు. అది 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోది. నీ కథకాలానికి 174.

కర్మకాండ పదిహేను పేజీలుంది, మూడు చాలు. ఆ తంతు కులానికొకలా, ఊరికొకలా ఉంటుంది. మన పాఠకులకు పాఠంలా చెప్పక్కర్లేదు. నీ పాత్రలు మాత్రం నాలుగు చోట్ల ‘వెళ్లొస్తాం’ అన్నాయి. చావింట్లో ఆ మాట అంటారా? చెప్పకుండానే లేచి వెళ్తారు. కోడలు తలెత్తి చూసేసరికి అరుగు ఖాళీగా ఉండాలి.

ఒక ప్రకరణం మాత్రం నీ పుస్తకంలో లేదు. 1969 నాటి చట్టం ప్రకారం మరణాన్ని గడువులోగా నమోదు చేయించాలి. ఎక్కడ ప్రాణం పోతే అక్కడే నమోదు. నీ తండ్రీకొడుకులు రోడ్డు మీదే పోయారు కనుక కోడలు ఆ కాగితాల కోసం లారీ గుద్దిన ఊరికే వెళ్లాలి. మామగారి పేరు మీద ఒకటి, మొగుడి పేరు మీద ఒకటి. ఆమెతో బస్సెక్కేది ఎవరు? నన్నడిగితే ఆ ముసలావిడనే పంపిస్తాను. దారంతా సణుగుతూనే ఉంటుంది, టిక్కెట్టు మాత్రం తనే తీస్తుంది.

గేదె ఏమైందని అడుగుతావు, నిన్ను ఎరగనా? ఏడాది తిరక్కుండా అమ్మేశాం. అలవాటయ్యేదాకా ఆ తువ్వాలు కూడా ఇమ్మన్నాడు కొన్నవాడు. వదిన రెండు వందలు తగ్గించుకుంది గానీ తువ్వాలు ఇవ్వలేదు.

మీ తెలుగు టీచరు