వాల్పారై వెళ్తే కారు అద్దం దించి ఏమీ విసరకండి

తమిళనాడులో తేయాకు తోటల కొండ ఊరు వాల్పారైకి ఏ నెలలో వెళ్తే జంతువులు బాగా కనిపిస్తాయి, పిల్లలతో వెళ్ళొచ్చా అని అడిగారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన వదలదు. మేం జనవరిలో వెళ్ళాం, హాయిగా ఉంది. పొల్లాచ్చి నుంచి వెళ్ళే దారిలో 40 హెయిర్‌పిన్ మలుపులు, కాబట్టి పిల్లలకు వాంతుల మాత్ర ముందే వేయండి. జంతువుల కోసం వెతకక్కర్లేదు, రోడ్డు పక్కనే కనిపిస్తాయి. నా బాధంతా అక్కడే.

వాల్పారై పక్కనే ఉన్న పుదుతోట్టం తేయాకు ఎస్టేట్ దగ్గర కార్లు వరసగా ఆగి ఉన్నాయి. సింహపు తోక కోతులు. నల్లటి ఒళ్ళు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ముందు కారులోంచి ఎవరో చిప్స్ విసిరారు. మా వాడు కూడా బిస్కెట్ పట్టుకుని అద్దం దించాడు. ఆ బిస్కెట్ వాడి చేతికిచ్చింది నేనే. శ్రీశైలం ఘాట్‌లో కోతులకు అరటిపళ్ళు వేసే అలవాటు మాది, పుణ్యమనుకునేవాణ్ణి.

పిల్లను పొట్టకు హత్తుకున్న ఒక తల్లి కోతి రోడ్డు మధ్యకు వచ్చింది. అప్పుడే మలుపులోంచి బస్సు. డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. చక్రానికి జానెడు దూరంలో అది గెంతి తేయాకు తోటలోకి దూకింది. అక్కడ కోతుల్ని కనిపెట్టుకుని ఉండే కాపలా మనిషి పరుగెత్తుకొచ్చి మా కారు దగ్గర తమిళంలో ఏదో అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు. మా డ్రైవర్‌ది పొల్లాచ్చి, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "మీరు పెట్టి వెళ్ళిపోతారు, రేపు ఇవి ప్రతి బండికీ ఎదురొస్తాయి అంటున్నాడు సార్" అని చెప్పాడు. మా వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇవి నేల మీద తిరిగే కోతులు కావు, కొమ్మల మీద బతికేవి. తేయాకు కోసం అడవిని కొట్టేసి ముక్కలు చేశారు, ఆ ముక్కల మధ్య రోడ్డు వేశారు. ఇప్పుడు చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టి కాపాడుతున్నారు. మనం చిప్స్ చూపించి కిందికి దింపుతున్నాం.

ఇంకోటి. మేం దిగిన హోంస్టే బోర్డు మీద ఎకో అని ఉంది, రాత్రి పది దాకా క్యాంప్‌ఫైర్, స్పీకర్లు. ఆ తోటల్లో ఏనుగులు తిరుగుతాయి. అవి దగ్గర్లో ఉంటే జనాన్ని హెచ్చరించడానికి ఎర్ర లైట్లు పెట్టారు, ఫోన్లకు మెసేజీలు పంపుతారు. కూలీలు ప్రాణభయంతో తలుపులేసుకునే వేళ మనవాళ్ళు తేయాకు మధ్య సెల్ఫీలు దిగుతున్నారు! రూమ్ బుక్ చేసేముందు ఫోన్ చేసి రాత్రి పాటలు పెడతారా అని అడగండి. పెడతామంటే వేరే చోటు చూసుకోండి.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి, బైనాక్యులర్స్ కొనివ్వండి. మర్నాడు పొద్దున మేం మళ్ళీ పుదుతోట్టం వెళ్ళాం. ఆ కాపలా మనిషే తల పైకెత్తమని సైగ చేశాడు. గుంపు మొత్తం ఒకదాని వెనక ఒకటి వంతెన మీదుగా రోడ్డు దాటింది. మా వాడు పదకొండు లెక్కపెట్టాడు.