ఫాంట్ ఫైల్‌కి ఇన్‌స్టాలర్ ఎందుకండీ?

ప్రశ్న: మాది ఫ్లెక్స్, పెళ్లి కార్డుల షాపు. ఒక కస్టమర్ అవాంట్ గార్డ్ అనే ఇంగ్లిష్ ఫాంట్ లాంటి గుండ్రటి, లావుపాటి అక్షరాలు కావాలన్నారు. టెలిగ్రామ్‌లో దొరికిన ఫాంట్ ప్యాక్ జిప్ తెరిచి క్లిక్ చేస్తే పర్మిషన్ అడిగింది, ఓకే కొట్టాం. ఫాంట్ రాలేదు, సిస్టమ్ స్లో అయింది. అసలు ఇలాంటి ఫాంట్‌లో తెలుగు వస్తుందా?

జవాబు: ముందు ఆ సిస్టమ్‌కి నెట్ తీసేయండి. మీరు వేసింది ఫాంట్ కాదు, ప్రోగ్రామ్. డీటీపీ షాపుల నుంచి ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. నాకు అసలు టెన్షన్ మీ సిస్టమ్ గురించి కాదు, అందులో ఉన్న కస్టమర్ల ఆధార్ పీడీఎఫ్‌లు, ఫొటోలు, రోజంతా తెరిచే ఉండే వాట్సాప్ వెబ్, దాని పక్కనే బ్యాంకు లాగిన్ గురించి. ఫోన్‌లో వాట్సాప్ లింక్డ్ డివైజెస్ అన్నీ లాగౌట్ చేసి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఆ సిస్టమ్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌లు ఇంకెక్కడా పెట్టొద్దు. ఫార్మాట్ కొట్టించడమే మేలు.

ఫాంట్ అంటే టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ ఫైలే, దానికి ఇన్‌స్టాలర్ అక్కర్లేదు. కానీ ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ని దాచిపెట్టే డిఫాల్ట్ సెట్టింగ్ ఇంకా కంప్యూటర్లలో వస్తూనే ఉంది, దాంతో 'బోల్డ్.టీటీఎఫ్.ఈఎక్స్‌ఈ' (ఈఎక్స్‌ఈ అంటే ప్రోగ్రామ్) మీకు 'బోల్డ్.టీటీఎఫ్' అనే కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా జనం మోసపోతున్నా దీన్ని మార్చకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ఆ సెట్టింగ్ ఇవాళే మార్చండి. అసలైన ఫాంట్ ఫైల్ అయినా ఎక్కడిదో చూసుకోవాలి: 2011లో డూకు అనే మాల్వేర్ వర్డ్ ఫైల్‌లో దాచిన ఫాంట్ ద్వారానే కంప్యూటర్లలోకి చొరబడింది.

ఇక డిజైన్ సంగతి. అవాంట్ గార్డ్ 1968లో హెర్బ్ లుబాలిన్ ఒక పత్రిక పేరు కోసం గీసిన అక్షరాల నుంచి వచ్చి, 1970లో ఫాంట్ అయింది. ఇంగ్లిష్ ఏ, వీ లాంటి ఏటవాలు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగిపోయే ఆ అందమంతా పెద్ద సైజులో, రెండు మూడు మాటల్లోనే, కాబట్టి కార్డులో పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లకు వాడండి, ముహూర్తం, అడ్రసు మాత్రం మామూలు ఫాంట్‌లో పెట్టండి. డబ్బు పెట్టకుండా దగ్గరి రూపం కావాలంటే పాపిన్స్ ఉంది, వ్యాపారానికీ ఉచితమే. కాకపోతే అందులో ఇంగ్లిష్, దేవనాగరి ఉన్నాయి, తెలుగు లేదు. పక్కన తెలుగుకి అనేక్ తెలుగు బోల్డ్ గానీ, ఇంకా లావు కావాలంటే రామభద్ర గానీ పెట్టండి, గూగుల్ ఫాంట్స్‌లో రెండూ ఉచితంగా దొరుకుతాయి.

దయచేసి సన్నటి తెలుగు ఫాంట్‌కి బోల్డ్ బటన్ నొక్కి లావు చేయకండి. సాఫ్ట్‌వేర్ గీత చుట్టూ మందం అంటిస్తుందంతే. అసలైన బోల్డ్ గీసేవాళ్లు లోపలి ఖాళీ పూడిపోకుండా ఎక్కడికక్కడ గీత సన్నం చేస్తారు. ఊళ్లలో ఫ్లెక్సుల మీద 'థ'లో చుక్క పూడిపోయి 'ధ'లా కనిపించేది ఈ బటన్ వల్లే. మెషీన్‌కి పంపేముందు ఒత్తులున్న ఒక్క లైను అసలు సైజులో ప్రింట్ తీసి, నాలుగడుగుల దూరం నుంచి చదివించి చూడండి.