క్లబ్ మెంబర్‌షిప్‌కి 3,000 పౌండ్లు పెట్టాలా, కౌన్సిల్ గోల్ఫ్ కోర్స్ సరిపోతుందా?

ప్రశ్న: మేం ఎడిన్‌బరోలో ఉంటాం, ఇద్దరం జాబ్ చేస్తాం. మా ఆయన రెండేళ్ళ నుంచి ఇంటి దగ్గర ఉన్న కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) వాళ్ళ గోల్ఫ్ కోర్స్‌లో ఆడుతున్నారు, రౌండ్‌కి 28 పౌండ్లు, సీజన్ టికెట్ అయితే 620. పోయిన ఏడాది 19 రౌండ్లు ఆడారు, ఫోన్ యాప్‌లో లెక్క ఉంది. ఇప్పుడు ఆఫీసు వాళ్ళంతా ఉన్న ప్రైవేట్ క్లబ్‌లో చేరతానంటున్నారు. జాయినింగ్ ఫీజు 1,500, ఏడాదికి 1,400, బార్ కార్డు (క్లబ్ బార్‌లో వాడుకోవడానికి ముందే కట్టేది) 100 కంపల్సరీ, నెలనెలా కట్టుకోవచ్చట. కౌన్సిల్ కోర్స్ ఎలాగూ మూసేస్తారు అని ఆయన వాదన. సేవింగ్స్ 4,500 ఉన్నాయి, నెల ఖర్చు 3,100, రాజమండ్రిలో అత్తయ్యగారికి పంపే 200 కూడా అందులోనే. ఇంటి లోన్ ఇంకా 2 లక్షల పౌండ్లు, 25 ఏళ్ళు ఉంది, వడ్డీ 1.8 శాతం దగ్గర మారకుండా ఉండే ఫిక్స్ గడువు వచ్చే ఏడాది అయిపోతుంది. మా బాబుకి 11 ఏళ్ళు, వాడూ నేర్చుకుంటానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందే చెప్పేస్తానండీ, ఈ ఏడాది క్లబ్ వద్దు. గోల్ఫ్ మానమని మాత్రం చెప్పను, ఆయన్ని ఆడనివ్వండి, బాబుని కూడా పంపండి, కానీ ఇప్పుడు ఆడుతున్న కౌన్సిల్ కోర్స్‌లోనే.

19 రౌండ్లు అని కరెక్ట్‌గా రాశారు చూడండి, చాలామంది దగ్గర ఆ నంబరే ఉండదు, అందుకే మీ లెక్క సులువు. క్లబ్‌లో చేరితే మొదటి ఏడాది మొత్తం 3,000 అవుతుంది, 19 రౌండ్లకి పంచితే ఒక్కో రౌండ్ దాదాపు 158 పౌండ్లు. సరే, జాయినింగ్ ఫీజు ఒక్కసారే కదా అని దాన్ని ఐదేళ్ళకి పంచినా ఏడాదికి 1,800, అంటే రౌండ్‌కి 95. అదే ఇప్పుడున్న చోట 19 సార్లు ఆడితే అయ్యేది మొత్తం 532 పౌండ్లు. సీజన్ టికెట్ కూడా ఇప్పుడే వద్దు, 23వ రౌండ్ దగ్గర గానీ అది గిట్టుబాటు కాదు.

క్లబ్‌లో చేరితే ఎక్కువ ఆడతానుగా అంటారు ఆయన, నాకు తెలుసు, నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరూ జిమ్ గురించి కూడా ఇదే అంటారు. కానీ ఎడిన్‌బరోలో డిసెంబర్లో పొద్దున 8:40కి గానీ తెల్లారదు, మధ్యాహ్నం 3:40కల్లా చీకటి పడిపోతుంది, ఉద్యోగం చేసుకునే మనిషికి ఇక మిగిలేది శని ఆదివారాలే, అందులో సగం వానకి పోతాయి, ఇంకొన్ని బాబు స్విమ్మింగ్‌కి, బర్త్‌డే పార్టీలకి పోతాయి. ఆట నిజంగా జరిగేది ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, జూన్‌లో అయితే రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆఫీసు అయ్యాక కూడా ఆడుకోవచ్చు. ఆ వెలుతురు కౌన్సిల్ కోర్స్ మీద కూడా పడుతుంది కదా.

ఇక అసలు విషయం మీరు ప్రశ్న చివర్లో రాసిన ఫిక్స్. 2 లక్షలు, 25 ఏళ్ళు, 1.8 శాతం దగ్గర నెలకి 828 పౌండ్లు పడుతుంది. కొత్త రేటు 4.5 అనుకుందాం, అప్పుడు 1,112. నెలకి 280 పైన ఎక్కువ, ఏడాదికి దాదాపు 3,400. క్లబ్‌కి పెడదామనుకున్న డబ్బు ఉందే, అది ఇప్పటికే బ్యాంకు వాళ్ళ పేరు మీద రాసిపెట్టి ఉందన్నమాట. పైగా ఇద్దరిలో ఒకరి జాబ్‌కి ఏదన్నా అయితే మీ 4,500 నెలన్నర కూడా రాదు, కనీసం మూడు నెలల ఖర్చు అంటే 9,300 పక్కన ఉండాలి. అత్తయ్యగారికి పంపేది మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపకండి, ఆ 200 ఖర్చు జాబితాలో అన్నిటికంటే పైన ఉండాలి.

నెలనెలా కట్టుకోవచ్చు అన్నారు కదా, ఆ ఫారం ఒకసారి పూర్తిగా చదవండి. చాలా క్లబ్‌లకి ఆ వాయిదాలు నడిపేది ఒక ఫైనాన్స్ కంపెనీ, అంటే అది లోన్, మీ క్రెడిట్ ఫైల్‌లో (బ్యాంకులు చూసే మీ అప్పుల రికార్డులో) కనపడొచ్చు, మధ్యలో ఆయనకి నడుం నొప్పి వచ్చి ఆడలేకపోయినా, మీరు లండన్ మారిపోయినా మిగతా వాయిదాలు కట్టాల్సిందే. వచ్చే ఏడాది ఇంటి లోన్ మార్చుకోబోతూ ఇప్పుడు కొత్త అప్పు తలకెత్తుకోవడం నాకు అస్సలు నచ్చట్లేదు.

ఇప్పుడు మూసేస్తారు అన్న భయం గురించి. ఇది కొట్టిపారేసే మాట కాదు. బ్రిటన్‌లో కౌన్సిల్ వాళ్ళు స్కూళ్ళు నడపాలి, ముసలివాళ్ళ సంరక్షణ చూడాలి, అవి చట్టం ప్రకారం తప్పవు, గోల్ఫ్ కోర్స్ నడపాలని ఏ చట్టమూ చెప్పదు. డబ్బు తగ్గినప్పుడు కత్తెర ముందు ఇలాంటి వాటి మీదే పడుతుంది. లండన్‌లో లూయిషమ్ కౌన్సిల్ వాళ్ళ బెకెన్‌హామ్ ప్లేస్ పార్క్‌లో కోర్స్ 2016లో మూసేశారు, 2019లో అదే చోట ఈత కొట్టే చెరువుతో పార్క్ తెరిచారు, జనం బాగానే వస్తున్నారు. డెర్బీలో అలెస్ట్రీ పార్క్ కోర్స్ 2020 చివర్లో ఆగిపోయింది, ఇప్పుడక్కడ గడ్డి, చెట్లు, పురుగు పుట్రా వాటంతట అవే పెరగనిస్తున్నారు. ఈ పార్కుల మీద నాకు కోపం లేదు, గోల్ఫ్ ఆడని వాళ్ళు కూడా కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నారు, వాళ్ళకీ ఆ నేల మీద హక్కుంది. నన్ను బాధపెట్టేది మూసే ముందు జరిగేది. గ్రీన్‌కీపర్లని, అంటే గడ్డి చూసుకునేవాళ్ళని తగ్గిస్తారు, బంకర్లనే గుంటల్లో ఇసుక గట్టిపడిపోతుంది, మురుగు కాలువలు పూడిపోయి నవంబర్లోనే ఫెయిర్‌వే, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్ళే గడ్డి దారి, అంతా బురద, దాంతో ఆడేవాళ్ళు వేరే చోటికి పోతారు, ఆదాయం పడిపోతుంది, అప్పుడు రిపోర్ట్‌లో జనాదరణ లేదని రాస్తారు. చెట్టుకి నీళ్ళు పోయకుండా కాయలు కాయట్లేదని నరికినట్టే ఉంటుంది ఇది.

కానీ మీ ఊరి సంగతి వేరు, అక్కడ ఈ ఆట మూలాలు చాలా లోతు. బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే పాత గోల్ఫ్ మైదానంలో జనం ఎక్కువైపోయి ఆడేవాళ్ళకీ నడిచేవాళ్ళకీ ఇబ్బంది అవుతుంటే 1889లో నగరం బ్రెయిడ్ హిల్స్ తీసుకుని అక్కడ అందరికీ కోర్స్ పెట్టింది. ఈరోజుకీ బ్రెయిడ్ హిల్స్, కారిక్ నౌ, క్రెయిగెంటినీ, పోర్టొబెల్లో లాంటివి కౌన్సిల్ తరఫున ఎడిన్‌బరో లెజర్ అనే చారిటీ చూసుకుంటోంది. అబర్డీన్‌లో హేజల్‌హెడ్ అని ఒక కౌన్సిల్ కోర్స్ ఉంది, దాన్ని డిజైన్ చేసింది ఆలిస్టర్ మెకెంజీ, అమెరికాలో మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే ఆగస్టా కోర్స్‌కి పేరున్న ఆటగాడు బాబీ జోన్స్‌తో కలిసి గీత గీసింది కూడా ఆయనే. మీకు బస్సు దూరంలో మసెల్‌బరా పాత లింక్స్ ఉంది, తొమ్మిది హోల్సే, గుర్రప్పందాల మైదానం మధ్యలో ఉంటుంది, ఓపెన్ చాంపియన్‌షిప్ అక్కడ ఆరుసార్లు జరిగింది, డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. కౌన్సిల్ కోర్స్ అంటే చవక సరుకు అని మీ ఆయన అనుకుంటే ఈ పేర్లు చెప్పండి.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక క్లబ్‌లో అడిగితే మిమ్మల్ని ప్రపోజ్ చేసేవాళ్ళు ఎవరు, బలపరిచేవాళ్ళు ఎవరు అన్నారు, నాకు ఆ ఊళ్ళో ఇంటి ఓనర్ తప్ప ఎవరూ తెలీదు. తర్వాతి శనివారం కౌన్సిల్ కోర్స్‌కి వెళ్తే కౌంటర్‌లో డబ్బు తీసుకుని అద్దెకి గోల్ఫ్ కర్రలు ఇచ్చి ముందు గ్రూప్‌లో ఒక రిటైరైన బస్ డ్రైవర్‌తో కలిపి పంపేశారు, గ్రిప్ పట్టుకోవడం ఆయనే నేర్పాడు. మన దగ్గర గోల్ఫ్ అంటే మిలిటరీ వాళ్ళది, క్లబ్ వాళ్ళది, ఢిల్లీలో డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) వాళ్ళ కుతుబ్ కోర్స్ లాగా ఎవరైనా డబ్బు కట్టి ఆడుకునేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఇవి పోతుంటే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది.

డబ్బు పరంగా మూసివేత రిస్క్‌కి మందు ఒకటే, ఏడాదికి మించి ముందే కట్టకండి. రౌండ్‌కి 28 చొప్పున కడుతూ పోతే రేపు గేటుకి తాళం పడినా మీకు పోయేది ఏమీ లేదు, 1,500 జాయినింగ్ ఫీజు మాత్రం మీరు క్లబ్ వదిలేస్తే వెనక్కి రాదు, ప్రైవేట్ క్లబ్బులూ మూతపడతాయి. ఎప్పుడన్నా సీజన్ టికెట్ కొంటే మధ్యలో ఆపేస్తే రీఫండ్ ఎంత అని రాతపూర్వకంగా అడగండి, క్రెడిట్ కార్డుతో కట్టి తర్వాతి బిల్లుకే మొత్తం తీర్చేయండి. 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉన్న వస్తువుకైనా సేవకైనా కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద డబ్బు వెనక్కివ్వమని కార్డు కంపెనీని కూడా అడిగే హక్కు మీకుంటుంది.

ఆఫీసు పరిచయాల మాట కూడా నిజమే, కాదనను, కొన్ని మాటలు మీటింగ్ రూమ్‌లో కంటే నాలుగో హోల్ దగ్గర బాగా సాగుతాయి. దానికి మెంబర్ అవ్వక్కర్లేదు, కొలీగ్స్ తీసుకెళ్తే గెస్ట్ ఫీజు కట్టి ఏడాదికి ఐదారుసార్లు వెళ్ళొచ్చు, తర్వాత వాళ్ళని ఒకసారి బ్రెయిడ్ హిల్స్‌కి ఈయన పిలవొచ్చు, పైనుంచి కోట, సముద్రం రెండూ కనపడతాయి, ఎవరూ రానని అనరు.

బాబుకి ఇప్పుడే సెట్ కొనకండి, ఆరు నెలల్లో ఎత్తు పెరిగిపోతాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక వెడ్జ్ (బంతిని దగ్గర నుంచి పైకి లేపే కర్ర), ఒక పట్టర్ (గుంటలోకి దొర్లించే కర్ర) చాలు, ఎండాకాలంలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ షార్ట్ హోల్ కోర్స్‌లో ఫ్రీగా ఆడుకోవచ్చు, మీరూ వెళ్ళండి. కుదిరాక జూనియర్ రేట్లు అడగండి, పెద్దవాళ్ళ రేటు కంటే చాలా తక్కువే ఉంటుంది.

ఇక వరుస చెప్తాను. ఈ నెల నుంచి క్లబ్‌కి అనుకున్న 250 అలాగే పక్కన ఎప్పుడైనా తీసుకోగలిగే ఈజీ యాక్సెస్ సేవింగ్స్‌లోకి స్టాండింగ్ ఆర్డర్ (నెలనెలా బ్యాంకే దానంతట పంపే ఏర్పాటు) పెట్టేయండి, ఏడాదికి 3,000 అయి మీ 4,500 కాస్తా 7,500 అవుతుంది, కొత్త ఈఎమ్‌ఐకి అలవాటు పడినట్టూ ఉంటుంది. గోల్ఫ్‌కి విడిగా నెలకి 50 ఇవ్వండి, 19 రౌండ్లకి సరిపోయి ఇంకో 68 పౌండ్లు బంతులకి మిగులుతాయి. ఫిక్స్ అయిపోవడానికి ఆరు నెలల ముందే బ్రోకర్‌తో మాట్లాడండి, చాలా బ్యాంకులు అంత ముందే రేటు పట్టి ఉంచుతాయి. యాప్‌లో ఆగస్టు చివరికి 23 రౌండ్లు దాటితే వచ్చే ఏప్రిల్‌కి సీజన్ టికెట్ కొనండి, కౌన్సిల్ వాళ్ళు గోల్ఫ్ మీద ప్రజాభిప్రాయం అడుగుతూ ఫారం పెట్టినప్పుడు మీ ఇద్దరూ తప్పకుండా నింపండి, ఎన్నిసార్లు ఆడారో ఆ నంబర్ కూడా అందులో రాయండి.