పెండ్లికి రివాల్వర్ ఎందుకు, అల్లుడూ?

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మీ నాయన రివాల్వర్ లైసెన్సు నీ పేరు మీదికి మారిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదే. చెల్లెలి పెండ్లి మెరవణిలో రెండు రౌండ్లు పేలుస్తానని నువ్వు తిరుగుతున్నావని కూడా చెప్పింది. ఫోన్‌లో అయితే ‘సరేలే మామా’ అని పెట్టేస్తావు, అందుకని జాబు రాస్తున్నా.

ముప్పై ఏండ్లు పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకులు తుడిచి, తూటాల లెక్కలు రాసినోణ్ణి. ఒక పెండ్లిలో పెండ్లికొడుకు చిన్నాయన ఆకాశంలోకే కాల్చినాడు. నిచ్చెన మీద సీరియల్ లైట్లు కడుతున్న పిల్లోడి భుజంలో దిగింది. బతికినాడు గానీ ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు.

2019లో ఆయుధాల చట్టం సవరించి దీన్ని విడిగా నేరం చేసినారు. 25వ సెక్షన్‌లో తొమ్మిదో భాగం చదువుకో. పెండ్లిలో గానీ, గుడి దగ్గర గానీ, ఇంకే జనం మధ్య గానీ సంబరానికి కాల్చి ఎదుటోళ్ల ప్రాణం మీదికి తెస్తే 2 ఏండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. ‘ఎవురికీ తగల్లేదు గదా’ అంటే నడవదు. ఉత్త శబ్దమొచ్చే బ్లాంకులూ వద్దు, 2016 ఆయుధాల నియమాలు జనం తిరిగే చోట వాటినీ ఒప్పుకోవు.

కాల్చను, ఊరికే పెట్టుకుంటా అంటావా? అవే నియమాల్లో 32వది చూడు. బయట తిరిగేటప్పుడు రివాల్వర్ హోల్‌స్టర్‌లో, పూర్తిగా కప్పి, నీ అదుపులో ఉండాల. చొక్కా ఎత్తి చూపించేది, చేతిలో పట్టుకుని ఫోటోలు దిగేది మానుకో. ఇప్పుడు కేసులకు సాక్ష్యం మీరే పోస్టు చేస్తున్నారు!

జాతరలో, నిమజ్జనంలో భుజం భుజం రాసుకునే తొక్కులాటలో నడుముకున్న దాని మీద అదుపు ఎక్కడుంటుంది? ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వెయ్, తూటాలు వేరేచోట దాయి. కారులో డ్రైవర్‌కిచ్చి దర్శనానికి పోవద్దు. లైసెన్సు నీది, వానిది కాదు. మెజిస్ట్రేటు నాగరిక్ సురక్షా సంహిత 163 కింద, అంటే పాత 144 కింద, ఉత్తర్వు ఇచ్చి అందులో ఆయుధాలు వద్దన్నారంటే నీ లైసెన్సు బుక్కు చూపించినా పోలీసులు వదలరు.

ఎన్నికలొస్తే డిపాజిట్ చెయ్యమని స్టేషన్ నుంచి కబురొస్తుంది. రోషం పడొద్దు. రసీదులో తుపాకి నంబరు, తూటాల లెక్క సరిగ్గా రాసినారో లేదో చూసుకునే కదులు. నేను చూసిన తగాదాలన్నీ ఆ లెక్క దగ్గరే. పోలింగ్ రోజు బూత్ చుట్టుపక్కలకు ఆయుధంతో పోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 134బి కింద 2 ఏండ్ల దాకా శిక్ష. శిక్ష పడితే లైసెన్సూ పోతుంది.

మెరవణికి టపాసుల ఖర్చు నాది. మీ అమ్మకు చెప్పు.

మీ మామ