స్లైడ్లను నోట్సుగా మార్చే ముందు

చి. అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. నీ మెసేజి చూశాను. కాకతీయుల పాఠానికి చేసుకున్న 64 స్లైడ్లను వర్డ్ ఫైలుగా మార్చి పిల్లలకు నోట్సు ఇవ్వాలనీ, సోమవారానికల్లా కావాలనీ, ఆన్‌లైన్‌లో ఏ సైటు మంచిదో చెప్పమనీ అడిగావు. సైటు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఫైలు తెరిచి ఒక్కో స్లైడు మీద అక్షరాల మధ్యలో క్లిక్ చెయ్యి. కర్సర్ మిణుకుమంటే అది టైపు చేసింది. స్లైడంతా ఒకే ముక్కగా పట్టుబడితే అది ఫోటో. కర్సర్ మిణుకుమంటోంది గానీ ఫాంటు మార్చగానే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తున్నాయంటే, అది 'అను' (Anu) అనే పాతకాలపు తెలుగు ఫాంటులో కొట్టింది. ఈ మూడింటికీ మందులు వేరు. అన్నిటికీ ఒకే బటన్ నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

రిటైరయ్యే ముందు ఏడాది నేనూ నీలాగే తొందరపడ్డాను. ఏదో ఒక సైటులో ఫైలు ఎక్కిస్తే నిమిషంలో వర్డ్ ఫైలు చేతికిచ్చింది. తెరిచి చూస్తే ఒక్కో పేజీలో ఒక్కో స్లైడు బొమ్మ అతికించి ఉంది. అందులో అక్షరం దిద్దడానికి లేదు. ఇంకో సైటులో వేస్తే పేజీలన్నీ ఖాళీ! అరగంట టెన్షన్ పడ్డాక తెలిసింది, నా స్లైడ్లలో నీలం మీద తెల్ల అక్షరాలు. నీలం పోయింది, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు మిగిలాయి. మొత్తం సెలెక్ట్ చేసి రంగు నలుపు పెడితే అన్నీ అక్కడే ఉన్నాయి. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నవ్వుతుంది.

యూనికోడ్ తెలుగులో, అంటే ఫాంటు మార్చినా తెలుగుగానే ఉండే అక్షరాల్లో, టైపు చేసిన స్లైడ్లయితే అసలు వేరే సైటే అక్కర్లేదు. ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ స్లైడ్స్‌లో తెరువు. ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ దగ్గర ప్లెయిన్ టెక్స్ట్ అని ఉంటుంది. అది నొక్కితే బొమ్మలూ రంగులూ పోయి మాటలు మాత్రం వస్తాయి. వాటిని గూగుల్ డాక్స్‌లో అతికించి దిద్దుకో, చివర్లో వర్డ్ ఫైలుగా దించుకో. పట్టికలు మాత్రం ఇలా తేకు, వరసలు విడిపోయి ఏ పాలకుడికి ఏ సంవత్సరమో తెలియకుండా పోతుంది. వాటిని స్లైడు నుంచి నేరుగా కాపీ చేసి డాక్స్‌లో పెట్టు, గళ్ళతో సహా వస్తాయి. ఇంకొకటి, స్లైడులో నువ్వు తర్వాత ఎప్పుడో పైన ఇరికించిన పెట్టె, కంటికి ముందు కనిపించినా టెక్స్టులో చివర రావచ్చు. అందుకని స్లైడును పక్కన పెట్టుకుని వరస సరిచూసుకో.

పీడీఎఫ్ చేసి, దాన్ని వర్డ్ చెయ్యమని మీ కాలేజీలో ఎవరైనా చెబితే తల ఊపి ఊరుకో. ఇంగ్లీషుకు అది చాలావరకు నడుస్తుంది. మన ఒత్తులూ గుణింతాలూ పీడీఎఫ్‌లో చూడటానికి బాగానే ఉంటాయి, కాపీ చేస్తే మాత్రం తరచూ చెదిరిపోతాయి. చేతిలో పీపీటీ ఉండగా ఆ చుట్టుదారి దేనికి?

ఫోటో స్లైడ్లకు వేరే పని ఉంది. ఆ బొమ్మను డ్రైవ్‌లో పెట్టి, రైట్ క్లిక్ చేసి, గూగుల్ డాక్స్‌తో తెరువు. పైన బొమ్మా, కింద అది చదివిన అక్షరాలూ వస్తాయి. తెలుగు బాగానే చదువుతుంది, కానీ నా అనుభవంలో ప, ష దగ్గరా ద, ధ, థ దగ్గరా పొరబడుతుంది. సంవత్సరాలు మాత్రం ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకో. 1289 కాస్తా 1239 అయితే పిల్లవాడు పరీక్షలో అదే రాస్తాడు, రుద్రమదేవి మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం యాభై ఏళ్ళు వెనక్కి పోతుంది.

అను స్లైడ్లకు యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నీ అను ఫాంటు ఏ వెర్షనో సరిగ్గా ఎంచుకోవాలి, లేకపోతే వచ్చేదంతా గందరగోళమే. ముందు ఒక్క పేరా వేసి చూడు.

ఏ సైటులోనైనా ఎక్కించే ముందు ఫైలు చివర చూడు. కిందటేడు నువ్వు పంపిన కాపీలో ఆఖరి స్లైడు మీద పిల్లల పేర్లు, రోల్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అది తీసేసిన కాపీనే బయటికి పంపాలి. ఆడపిల్లల నంబర్లు అందులో ఉన్న సంగతి నీకు గుర్తుందో లేదో.

స్లైడ్ల కింద నోట్స్ గడిలో నువ్వు క్లాసులో చెప్పే మాటలు రాసుకునే అలవాటు ఉంది కదా, అసలు పాఠం అక్కడే ఉంది. చాలా కన్వర్టర్లు దాన్ని వదిలేస్తాయి. కాలేజీ ల్యాబులో విండోస్ పవర్‌పాయింట్ ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో క్రియేట్ హ్యాండవుట్స్ నొక్కు. స్లైడు బొమ్మగా వస్తుంది గానీ, పక్కన నీ నోట్స్ దిద్దుకునే అక్షరాలుగా వర్డ్‌లోకి వస్తాయి.

ఇక నీ స్లైడు మీద ఉన్నదేమిటి? "మోటుపల్లి – గణపతిదేవుడు – 1244 – అభయ శాసనం." నాలుగు ముక్కలు. క్లాసులో నువ్వు పక్కన నిలబడి చెబుతావు కాబట్టి అవి చాలు. నోట్సు చదివే పిల్లకు నువ్వు పక్కన ఉండవు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, గణపతిదేవుడు మాత్రం నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోనని మోటుపల్లి రేవుకొచ్చే సముద్ర వర్తకులకు మాట ఇచ్చి ఆ మాటను రాతి మీద చెక్కించాడనీ రాయాలి. అప్పుడు గానీ 'అభయం' అన్న మాట ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఈ వాక్యం ఏ సైటూ రాసివ్వదు. ఒక్కో స్లైడుకు పది నిమిషాలు వేసుకున్నా 64 స్లైడ్లకు పదిన్నర గంటలకు పైమాటే. సోమవారానికి అయ్యే పని కాదు. ముందు గణపతిదేవుడి దాకా ఇచ్చి, రుద్రమదేవి నుంచి వచ్చే వారం ఇవ్వు.

అను ఫాంటు స్లైడ్లు నువ్వు కదపకు, వాట్సాప్‌లో నాకు పంపు. ఫోటోలుగా కాదు, ఫైలు ఫైలుగానే. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మార్చి, ఒత్తులు సరిచూసి పంపిస్తాను. నాకూ కాలక్షేపం.

మీ మామయ్య