రంభలో నీవు కట్టబోయే కనూకు గుడ్డ, రెసిన్ ఎంపిక గురించి

గోపాల్‌పూర్

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రంభ దగ్గర చిలికా నీళ్లలో తెడ్డు వేసుకుంటూ తిరగడానికి, ఒక్కడివే భుజాన పెట్టుకుని రేవు దాకా మోసుకుపోగలిగిన 16 అడుగుల కనూ కట్టుకుంటానన్నావు. కార్బన్ పీచు గుడ్డ కొనాలా, కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పీచు గుడ్డ కొనాలా అని అడిగావు. 30 ఏళ్లుగా ఫైబర్ పడవల పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఆ రెండింటికన్నా ముందు రెసిన్, అంటే గుడ్డను తడిపి గట్టిపరిచే జిగురు, సంగతి తేల్చుకో. తేలిక పడవ బరువెక్కేది ఎక్కువగా అక్కడే.

మన సముద్రపు బోట్లకు వేసే చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ (నేయని గాజుపీచు పరుపు) అంత మేరకే కిలో దాకా రెసిన్ తాగుతుంది. 200 గ్రాముల నేత గాజుగుడ్డ మాత్రం, రబ్బరు బద్దతో అదనపు రెసిన్‌ను లాగేస్తే, దాదాపు తన బరువంత రెసిన్‌తోనే తడుస్తుంది. తడిసిన గుడ్డలో తెల్లదనం పోయి, నేత గళ్లు పైకి సన్నగా కనబడుతూ ఉండాలి. అద్దంలా మెరిసే చోటల్లా రెసిన్ నిలిచిందని అర్థం. నా మొదటి చిన్న పడవకు ఆ మెరుపే గట్టిదనం అనుకుని మరో గిన్నె పోశాను; ఆ పొరపాటు బరువును పడవ ఉన్నన్నాళ్లూ మోశాను.

రెసిన్‌లో ఎపాక్సీయే తీసుకో. పాలియెస్టర్ చవకే కాని, గట్టిపడేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, పలచని పొరల మధ్య పట్టు కూడా తక్కువ. ఎపాక్సీకి మామూలు మ్యాట్ కొనవద్దు. అందులోని జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది కాని ఎపాక్సీకి సరిగా కరగదు. మన తీరపు చెమ్మగాలిలో కొన్ని హార్డెనర్లు (ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపేవి) వాడితే పైన జిడ్డు పొర పేరుకుంటుంది. దాన్ని నీళ్లతో కడిగి, ఆరిన తరువాతే మరో పొర వెయ్యి. చేతి తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోకు, ఒకసారి చర్మానికి పడకపోయిందంటే ఇక ఆ పని దగ్గరికే వెళ్లలేవు.

కెవ్లార్ గాజుకన్నా చాలా తేలిక, చిరగడం కష్టం, కాని నొక్కుడుకు ఆగదు, సాండ్‌పేపరు పెడితే నూగులా పీచు లేస్తుంది. అందుకే దాన్ని లోపలి వైపు ఒక వరుసగా, బయట రెండు వరుసలు గాజుగుడ్డగా వేయమంటాను. రంభ వైపు లంకల అంచున రాళ్లున్నాయి కదా, కింద నుంచి రాయి తగిలితే సాగేది లోపలి ముఖమే, ఆ సాగుడును కెవ్లార్ బాగా తట్టుకుంటుంది. బయటి గాజు గీతలు పడితే సాండ్ చేసి సరిచేసుకోవచ్చు. కార్బన్ నీకు వద్దు. బిగువు ఎంత ఉన్నా గట్టి దెబ్బకు సాగకుండా పగులుతుంది, పైగా చిలికా ఉప్పునీటిలో అల్యూమినియం రివెట్టు దానికి ఆనుకుంటే ఆ రివెట్టు తినేయబడుతుంది.

అడుగుభాగం కాళ్ల కింద ఊగకుండా అక్కడ మాత్రం 5 మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్ (తేలికైన నురగ పలక) గుడ్డ వరుసల మధ్యలో పెట్టు. ఒకే పదార్థపు పలక మందం రెట్టింపైతే వంగకుండా ఆగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, కాబట్టి గుడ్డలు పెంచడంకన్నా మందం పెంచడమే తేలిక దారి. మన తాతల తెప్పలు నీరు పీల్చి బరువెక్కితే ఇసుక మీదికి లాగి ఆరబెట్టేవారు. రెండు పొరల మధ్య చిక్కిన నీటికి ఆ వీలు లేదు, అందుకని బాల్సా చెక్క జోలికి వెళ్లకు, ఫోమ్ అంచులన్నీ, వేసే ప్రతి రంధ్రమూ ఎపాక్సీతో మూసెయ్యి. ఫోమ్ దొరకలేదని థర్మోకోల్ పెట్టకు, అది తేలిగ్గా నలిగిపోతుంది, పాలియెస్టర్ తగిలితే కరిగి మాయమవుతుంది.

సరుకంతా కొనకముందు నేను చెప్పిన వరుసలోనే, ఒక చదరపు అడుగు ముక్కలు రెండు చెయ్యి, ఒకటి ఫోమ్‌తో, ఒకటి లేకుండా. వారం ఆరనిచ్చి, కిరాణా కొట్టు త్రాసులో తూచి, బయటి ముఖం మీద నడుమెత్తు నుంచి పిడికెడు రాయి జారవిడిచి చూడు. ఆ బరువులూ, లోపలి వైపు ఏమైనా తెల్లబడిందా లేదా అన్నదీ రాసి పంపితే, పక్కలకు మరో గాజు వరుస అవసరమో కాదో అప్పుడు చెబుతాను.

మీ మావయ్య